సంతకాలు ఆరొందలు, ఎక్కినవాళ్లు ఆరుగురు: ఒక శివారు కాలనీ బస్సు కేసు

నేను రవాణా ప్లానింగ్ చదువుకున్నాను. బతకడానికి వేరే ఉద్యోగం ఉన్నా, పన్నెండేళ్లుగా హైదరాబాద్ శివార్లలో కాలనీ సంఘాలతో కలిసి బస్సుల కోసం, ఫుట్‌పాత్‌ల కోసం తిరగడమే నా అసలు పని అనుకుంటాను. ఈ కేసులో మొదట్లో మేం అన్నీ పద్ధతిగానే చేశాం, అయినా పని చెడింది. ఎందుకు చెడిందో అర్థం కావడానికి ఇంకో ఐదారు నెలలు పట్టింది. ఇదే పనిలో ఉన్న వేరే కాలనీల వాళ్లకు ఆ ఐదారు నెలలు మిగలాలనే ఇది రాస్తున్నాను. కాలనీ పేరు, డిపో పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న కొన్ని వివరాలు మార్చాను. దూరాలు, లెక్కలు మేం కొలుచుకున్నవే, కాస్త గుండ్రంగా రాశాను.

నేపథ్యం

హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు ఉంది. అది వచ్చాక దాని లోపల ఉన్న పొలాలు ఒక్కొక్కటిగా ప్లాట్లయ్యాయి. ఒక రైతు దగ్గర పదెకరాలు కొన్నవాళ్లు ఒక లే అవుట్, పక్కన ఇరవై ఎకరాలు కొన్నవాళ్లు ఇంకో లే అవుట్. ఏ లే అవుట్‌కి ఆ లే అవుట్ చూస్తే బాగానే ఉంటుంది, ముప్పై అడుగుల రోడ్లు, నలభై అడుగుల రోడ్లు, ఓ పార్కు, ఓ గుడి. కానీ ఒకదానిలోంచి ఇంకోదానిలోకి నడిచి వెళ్లాలంటే దారి ఉండదు. ప్రతి ఒక్కటీ మెయిన్ రోడ్డు వైపు ముఖం పెట్టి, పక్కవాళ్లకు వీపు పెట్టి కూర్చుంటుంది.

ఈ కేసులో రెండు కాలనీలున్నాయి. పేర్లు చెప్పను కాబట్టి పై కాలనీ, కింది కాలనీ అంటాను. జాతీయ రహదారి నుంచి చీలిన అరవై అడుగుల రోడ్డు మీద కింది కాలనీ ఉంది. దాని వెనకాల పై కాలనీ. పై కాలనీకి ఆనుకుని పాత ఊరి బస్తీ, అందులో ఎక్కువమంది ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, మేస్త్రీలు, ఆసుపత్రుల్లో హౌస్ కీపింగ్ చేసేవాళ్లు. రెండు కాలనీల మధ్య ఏడడుగుల ప్రహరీ. ఈ గోడను గుర్తుపెట్టుకోండి, కేసంతా దీని చుట్టూనే తిరుగుతుంది. నేను మాత్రం మొదటి ఆరు నెలలు దీన్ని గోడగా కూడా చూడలేదు.

పై కాలనీలో ఇళ్లు కొనుక్కున్నవాళ్లలో చాలామంది 2017 నవంబర్‌లో నాగోల్, మియాపూర్ మధ్య మెట్రో మొదలైనప్పుడు, ఇంకో రెండేళ్లలో మన దాకా కూడా వస్తుందిలే అనుకుని కొన్నారు. మెట్రో మూడు లైన్లూ కలిపి 69 కిలోమీటర్ల దగ్గర ఆగింది. 2019 చివర్లో సమ్మె తర్వాత సిటీ బస్సులు తగ్గాయి, మరుసటి ఏడాది కోవిడ్. ఆ తర్వాత కాలనీలో రెండో బండి కొనని ఇల్లు లేదు. బండి నడపలేనివాళ్లు, అంటే పెద్దవాళ్లు, కాలేజీ పిల్లలు, పనికి వచ్చే ఆడవాళ్లు, హైవే దాకా వెళ్లి అక్కడ బస్సెక్కేవాళ్లు. హైవే స్టాపు రెండు కిలోమీటర్లకు పైనే. పగలు షేర్ ఆటోలు ఉంటాయి, రాత్రి ఎనిమిదిన్నర దాటితే ఉండవు.

వచ్చిన సమస్య

పై కాలనీ సంఘం అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టర్ గారు. నన్ను పిలిపించి మూడు కోరికలున్న కాగితం చేతిలో పెట్టారు. మెట్రో పొడిగించాలి, హైవే మీద ఫుట్ ఓవర్ బ్రిడ్జి కావాలి, కాలనీకి బస్సు కావాలి. ఆ వరసలోనే.

వరస తిరగేద్దాం సార్ అన్నాను. మెట్రో పొడిగింపు మీద సంతకం పెట్టేవాళ్లు ఢిల్లీలోనూ సెక్రటేరియట్‌లోనూ ఉంటారు, మన కాగితం అక్కడ వందల కాగితాల్లో ఒకటి. హైవే మీద వంతెన అంటే జాతీయ రహదారుల వాళ్లు. సిటీ బస్సు ట్రిప్పు మాత్రం డిపో మేనేజర్ తలచుకుంటే కదులుతుంది. అడిగేది ఏ టేబుల్ మీద సంతకం అవుతుందో ఆ టేబుల్ దగ్గరే మొదలుపెట్టాలన్నది నా లెక్క. ఈ లెక్క తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను. తప్పు దాని తర్వాతి అడుగులో ఉంది.

మొదటి ప్రయత్నం

సంతకాలు సేకరించాం. మూడు ఆదివారాల్లో ఆరొందలకు పైగా వచ్చాయి. అందరూ ఉత్సాహంగా పెట్టారు. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఒక కాపీ, ఎమ్మెల్యే గారి సిఫారసు లేఖతో డిపోలో ఒక కాపీ ఇచ్చాం. అప్పటికి మహాలక్ష్మి పథకం వచ్చి కొన్ని నెలలైంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి, ఉన్న రూట్లలోనే బస్సులు కిటకిటలాడుతున్నాయి. అలాంటి సమయంలో కొత్త రూటుకి బస్సు తీయడం డిపోకి చిన్న విషయం కాదు. అయినా డిపో మేనేజర్ (డిఎం) గారు ఒక బస్సు ఇచ్చారు. మెట్రో స్టేషన్ నుంచి బయల్దేరి, హైవే మీదుగా అరవై అడుగుల రోడ్డులోకి వచ్చి, కింది కాలనీ ముందు ఆగి, ఊరి చౌరస్తాలో తిరిగి వెళ్తుంది. రోజుకి ఆరు ట్రిప్పులు. పై కాలనీలోకి రాదు, ఎందుకంటే ముప్పై అడుగుల రోడ్డులో రెండు పక్కలా కార్లు పెట్టి ఉంటే పన్నెండు మీటర్ల బస్సు తిరగలేదు. అది మాకూ న్యాయంగానే అనిపించింది.

మొదటి రోజు కొబ్బరికాయ కొట్టాం. డ్రైవర్‌కి, కండక్టర్‌కి శాలువాలు కప్పాం. ఫొటోలు దిగాం.

ఏడో వారంలో బస్సు ఆగిపోయింది.

ఉదయం ఎనిమిది ముప్పావు ట్రిప్పు, అంటే ఆఫీసులకు వెళ్లేవాళ్ల కోసమని మేం పట్టుబట్టి అడిగిన ట్రిప్పు, దాంట్లో మా స్టాపు దగ్గర సగటున ఆరుగురు ఎక్కారు. నేను డిఎం గారి దగ్గరకు కొంచెం కోపంగానే వెళ్లాను. ఆయన లేచి కుర్చీ వేసి, ట్రిప్పుల వారీ లెక్క నా ముందు పెట్టి, "సార్, సంతకాలు మీరు తెచ్చారు, బస్సు నేను పంపిన. ఎక్కేటోళ్లు ఏరి? పక్క రూట్ల ఫుట్‌బోర్డ్ మీద వేలాడుతున్నరు, ఆ బస్సు ఇటు తెచ్చి ఖాళీగ తిప్పితే నేను ఏం చెప్పుకోవాలె?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన స్థానంలో నేనున్నా ఆ బస్సును తీసేసేవాణ్ణి.

చేసిన రెండో తప్పు

దాని తర్వాత మేం చేసింది, చాలా కాలనీలు చేసేదే. వాట్సాప్ గ్రూపులో ప్రచారం. వారానికి ఒక రోజు బస్సులో వెళ్దాం, కాలుష్యం తగ్గిద్దాం, పిల్లలకు ఆదర్శంగా ఉందాం అని. పోస్టర్లు వేశాం. బస్సు లేకపోయినా హైవే బస్సులు ఎక్కుదాం, లెక్క చూపిద్దాం అన్నాం. రెండు వారాలు కొందరు ఎక్కి సెల్ఫీలు పెట్టారు. మూడో వారం ఎవరూ లేరు.

ఇది ఎందుకు నిలవలేదో ఆలోచిస్తే, తలుపు ముందు కారు ఉన్న మనిషిని కష్టపడి బస్సెక్కమని అడుగుతున్నాం, అది మంచితనం మీద పెట్టిన భారం. మంచితనం రెండు వారాలు మోస్తుంది. రోజూ పొద్దున ఆరింటికి లేచి పరుగెత్తే మనిషిని మోసేది బస్సు టైముకి రావడం, స్టాపు దగ్గర ఉండటం, దారిలో కుక్కలు లేకపోవడం.

డిఎం గారి లెక్కలో దొరికింది

ఆ రోజు ఆయన ముందు పెట్టిన కాగితాన్ని ఫొటో తీసుకుని వచ్చాను, ఆయన అనుమతితోనే. కోపం తగ్గాక మళ్లీ చూస్తే ఒక విషయం కనిపించింది. ఎనిమిది ముప్పావు ట్రిప్పు ఖాళీ. కానీ మధ్యాహ్నం ఒకటిన్నర ట్రిప్పులో మా స్టాపు దగ్గర ఇరవై మందికి పైగా ఎక్కారు, దాదాపు అన్నీ జీరో టికెట్లు. పొద్దున్నే వచ్చే మొదటి ట్రిప్పులో కూడా దిగినవాళ్లు బాగానే ఉన్నారు. మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు ఇచ్చే జీరో టికెట్‌కి డబ్బు ప్రభుత్వం కడుతుంది కాబట్టి, కండక్టర్ టికెట్లు కొట్టే టిమ్ మిషన్‌లో అది కూడా ప్రయాణికుల లెక్కలోకి వస్తుంది. అంటే మా బస్సుకి ప్రయాణికులు ఉన్నారు. మేం అనుకున్నవాళ్లు కారు, మేం అనుకున్న టైములో కాదు.

ఆఫీసు వాళ్ల టైము అడిగింది ఎవరు? మీటింగుకి వచ్చినవాళ్లు. మీటింగు ఎప్పుడు పెట్టాం? ఆదివారం పదకొండింటికి. ఆ టైములో బస్తీ ఆడవాళ్లంతా మీటింగుకి వచ్చినవాళ్ల ఇళ్లలో గిన్నెలు తోముతూ ఉన్నారు. ఈ మాట నాకు తట్టినప్పుడు రాత్రి నిద్ర పట్టలేదు. ఆరొందల సంతకాల్లో బస్తీవి ఎన్ని ఉన్నాయో మళ్లీ తిరగేస్తే నలభై కూడా లేవు.

అప్పుడు చేయాల్సిన పని చేశాం. మూడు రోజులు, పొద్దున ఐదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా, నేను, ఇద్దరు డిగ్రీ పిల్లలు, హెడ్మాస్టర్ గారు వంతులేసుకుని మూడు చోట్ల నిలబడ్డాం: హైవే స్టాపు, ఆగిపోయిన బస్సు స్టాపు, పై కాలనీ గేటు. వచ్చేపోయేవాళ్లను అడిగింది మూడే ప్రశ్నలు. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎటు నుంచి నడిచారు, ఎంతసేపు పట్టింది.

రెండో ప్రశ్నకి ఒకమ్మ చెప్పిన జవాబుతో కేసు మలుపు తిరిగింది. నలభై ఐదేళ్లుంటాయి, కింది కాలనీలో నాలుగిళ్లలో పనిచేస్తుంది, అక్కడి నుంచి మెట్రో అవతల ఇంకో ఇంటికి వెళ్తుంది. "గోడకాడ ఇటుకలు పేర్చుకున్నం సార్, అట్ల ఎక్కి దుంకుతం. వానకాలం జారుతది, మొన్న మా ఆడబిడ్డ పడి చెయ్యి ఇరిగింది. చుట్టు తిరిగొస్తే ఇరవై నిమిషాల తొవ్వ. ఇరవై నిమిషాలు నడిచినంక బస్సు రాకుంటే ఇంకేం జేస్తం, హైవేకే పోతం" అంది.

నేను మ్యాపు మీద స్టాపు చుట్టూ 400 మీటర్ల గీత గీసి, ఐదు నిమిషాల నడక, పై కాలనీ సగం దీని లోపలే ఉంది అని రిపోర్టులో రాసి ఇచ్చినవాణ్ణి. ఆ గీత గోడ మీదుగా వెళ్లింది. పై కాలనీ పార్కు నుంచి స్టాపుకి గోడ లేకపోతే 350 మీటర్లు. గోడ చుట్టూ తిరిగితే టేపు పట్టి కొలిస్తే 1,400 మీటర్లు, అందులో సగం దూరం లైట్లు లేని రోడ్డు, మూత లేని మోరీ పక్కన. బస్సు ఖాళీగా పోవడానికి కారణం ఇదే. మేం బస్సు అడిగాం. బస్సు దాకా వెళ్లే దారి అడగలేదు.

గోడ

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఒక దరఖాస్తు పెట్టి రెండు లే అవుట్ల ప్లాన్లు తెప్పించాం. అనుకున్నట్టే, కింది కాలనీ నలభై అడుగుల రోడ్డు ప్లానులో గోడ దగ్గర ఆగదు, పై కాలనీ రోడ్డుతో కలుస్తుంది. అనుమతి పొందిన లే అవుట్‌లో రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ (దానపత్రం)తో స్థానిక సంస్థకు రాసిస్తారు, ఆ తర్వాత అవి పబ్లిక్ రోడ్లు. అంటే కాగితం ప్రకారం ఆ గోడ ఉండకూడదు.

ఇక్కడ మా సంఘంలో పెద్ద గొడవైంది. సగం మంది, టౌన్ ప్లానింగ్ వాళ్లకు ఫిర్యాదు చేద్దాం, జేసీబీ పెట్టి కూల్చేయిద్దాం అన్నారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పినప్పుడు ఆ వాదన ఇంకా గట్టిపడింది. కోర్టుకెళ్తే గెలుస్తాం అన్నారు. గెలిచేవాళ్లమేమో కూడా.

నేను వద్దన్నాను. దానికి నా కారణాలు ఇవి. గోడ మొత్తం పోతే నలభై అడుగుల రోడ్డు తెరుచుకుంటుంది, హైవే ట్రాఫిక్ తప్పించుకోవడానికి కార్లు, ట్రాక్టర్లు, వాటర్ ట్యాంకర్లు కింది కాలనీ లోంచి పోతాయి. పిల్లలు ఆడుకునే వీధి షార్ట్‌కట్ అయిపోతుంది. అప్పుడు కింది కాలనీ వాళ్లు భయపడినదే నిజమవుతుంది, నడిచేవాళ్లకీ ఆ వీధి పనికిరాకుండా పోతుంది. రెండోది, మనకు కావాల్సింది మనుషులు నడిచే సందు. దానికి నలభై అడుగులు అక్కర్లేదు. మూడోది, కోర్టులో గెలిచిన దారిని రేపు రాత్రి పూట ఎవరో ఒకరు బండరాళ్లు అడ్డం పెట్టి మూస్తారు. పక్కవాళ్లు ఒప్పుకున్న దారిని పక్కవాళ్లే కాపాడతారు. ప్లాను కాపీలు ఫైలులో పెట్టుకుందాం, చేతిలో పట్టుకుని వెళ్లొద్దు అన్నాను. హెడ్మాస్టర్ గారు నా వైపు నిలబడ్డారు కాబట్టి నెగ్గింది, లేకపోతే నెగ్గేది కాదు.

కింది కాలనీ వాళ్లతో మొదటి మీటింగు బాగా జరగలేదు. వాళ్ల సెక్రటరీ గారు మర్యాదగానే, "మీకు దారి కావాలంటే మీ వైపు వేసుకోండి సార్. దొంగతనాలు జరిగాకే మేం ఈ గోడ కట్టుకున్నాం" అన్నారు. మేం బస్సు, పర్యావరణం, చట్టం అని మాట్లాడాం. వాళ్లు పిల్లలు, దొంగలు, బైకులు అని మాట్లాడారు. ఎవరి మాట ఎవరికీ చేరలేదు.

రెండో మీటింగుకి నేను ముందు మాట్లాడలేదు. చెయ్యి విరిగిన ఆవిడను, ఆమెతో పాటు ఇంకో నలుగురిని తీసుకెళ్లాం. సాయంత్రం ఏడింటికి పెట్టాం, వాళ్ల పని అయ్యాక. ఆమె లేచి ఏమీ అడగలేదు, రోజూ పొద్దున ఆరింటికి ఎలా వస్తుందో చెప్పింది. ఆ గదిలో కూర్చున్న ముగ్గురి ఇళ్లలో ఆమె పనిచేస్తుంది. వాళ్లకు ఆమె ఆలస్యంగా రావడం తెలుసు, ఎందుకో తెలియదు. ఒక పెద్దావిడ లేచి, "మా గల్లీలో గుడి లేదు, పై కాలనీ గుడి కనిపిస్తుంటది కానీ పోనీకి కారు తీయాలె. నాకు కూడా దారి కావాలె" అంది. ఆ మాట తర్వాత చర్చ దారి ఇవ్వాలా వద్దా నుంచి, ఎంత వెడల్పు ఇవ్వాలి, ఎప్పుడు తెరవాలి అనే దాకా వచ్చింది.

వెడల్పు దగ్గర మళ్లీ రెండు గంటలు. కింది కాలనీ వాళ్లు రెండున్నర అడుగులు చాలు, బైకు దూరకూడదు అన్నారు. కానీ వీల్‌చైర్ పోవాలంటే అది చాలదు, పిల్లల బండి కూడా ఇబ్బందే. వీల్‌చైర్ దూరే చోట బైకూ దూరుతుంది, ఇది ప్రతి చోటా వచ్చే చిక్కు. చివరకు నాలుగడుగుల గేటు, దానికి రెండు వైపులా ఇనుప పైపులతో వంకర తిరిగి వెళ్లేలా అడ్డాలు పెట్టాం. వీల్‌చైర్ నెమ్మదిగా మలుపు తీసుకోగలదు. బైకు వాడు దిగి నెట్టుకోవాలి. మొదటి నెల కొందరు నెట్టుకుని వెళ్లారు. తర్వాత అది టైము దండగని వాళ్లే మానేశారు. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా తెరవాలని, తాళం చెవి రెండు కాలనీల దగ్గరా ఉండాలని, మూడు నెలలు చూసి నచ్చకపోతే మూసేయొచ్చని రాసుకున్నాం. ఆ చివరి షరతు నేనే పెట్టాను. వెనక్కి తీసుకోవచ్చు అన్న ధైర్యం ఉంటేనే జనం కొత్తదానికి ఒప్పుకుంటారు.

దారి, ఆ తర్వాత బస్సు

గేటు నుంచి స్టాపు దాకా ఉన్న దారిలో చివరి 200 మీటర్లు అరవై అడుగుల రోడ్డు పక్కన. అక్కడ ఫుట్‌పాత్ ఉందని మున్సిపాలిటీ కాగితాల్లో ఉంది, రోడ్డు మీద లేదు. ఇంటి ర్యాంపులు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, షాపు మెట్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం, ఐఆర్‌సీ 103, నడవడానికి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలంటుంది. ర్యాంపులన్నీ కొట్టించాలని పట్టుబడితే ముప్పై ఇళ్లతో ముప్పై గొడవలు. కాబట్టి ఎదురు వైపు చూశాం. అక్కడ వాననీటి మోరీ ఉంది, సగం చోట్ల మూత లేదు. మోరీ మీద స్లాబులు వేసి, దాన్ని ఆనుకుని ఉన్న మట్టి పట్టీని కలిపితే 1.8 మీటర్లు వస్తుంది, ఎవరి ర్యాంపూ అడ్డం లేదు. మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) గారికి ఇది నచ్చింది, ఎందుకంటే ఫుట్‌పాత్‌కి బడ్జెట్ లేదు కానీ మోరీ మూతలకు ఉంది. అడిగేదాన్ని వాళ్ల దగ్గరున్న ఖాతా పేరుతో అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. కింది కాలనీ నుంచి రోడ్డు దాటడానికి ఒక స్పీడ్ బ్రేకర్, దాని మీద జీబ్రా గీతలు. మూడు స్తంభాలకు లైట్లు.

స్టాపు దగ్గర రెండు టిఫిన్ బండ్లు, ఒక పండ్ల బండి ఉన్నాయి. వాటిని తీసేయాలని కొందరు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. తీసేయలేదు, పది మీటర్లు వెనక్కి జరిపాం, బండ్ల వాళ్లతో మాట్లాడి. బస్సు ఆగడానికి చోటు వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా దిగే అమ్మాయికి ఎదురుగా వెలుగుతున్న బండి, అక్కడ ఒక మనిషి ఉండటం కన్నా పెద్ద భద్రత నాకు తెలియదు.

ఇవన్నీ అయ్యాకే మళ్లీ డిపోకి వెళ్లాం. ఈసారి కొత్త బస్సు అడగలేదు. హైవే మీద ఇప్పటికే నడుస్తున్న ఒక రూటులో రోజుకి నాలుగు ట్రిప్పులు మాత్రం లోపలికి మళ్లించమని అడిగాం. కొత్త షెడ్యూలు అంటే ఇంకో బస్సు, ఇంకో జత సిబ్బంది. మళ్లింపు అంటే కొన్ని కిలోమీటర్ల డీజిల్, పది నిమిషాలు. టైములు మూడు రోజుల లెక్క నుంచి తీసుకున్నవి: పొద్దున 5:50, మధ్యాహ్నం 1:20, సాయంత్రం 5:40, రాత్రి 8:30. సంతకాలు తీసుకెళ్లలేదు. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి ఏ టైముకి వెళ్తారో ఒకే పేజీలో రాసి ఇచ్చాం, పైన గేటు ఫొటో. డిఎం గారు ఒక డ్రైవర్‌ని పంపి చౌరస్తాలో బస్సు తిప్పించి చూశారు. కార్లు అడ్డం ఉంటే తిప్పలేనని డ్రైవర్ చెప్పాడు. ఆ మలుపు దగ్గర ఎవరూ బండి పెట్టకుండా చూసే బాధ్యత కింది కాలనీ సంఘం తీసుకుంది. గోడ కట్టుకున్న సంఘమే.

బస్సు వచ్చి ఇప్పటికి తొమ్మిది నెలలు. 5:50 ట్రిప్పులో బస్తీ ఆడవాళ్లు, 1:20లో నర్సింగ్ కాలేజీ పిల్లలు, రాత్రి ట్రిప్పులో మాల్‌లో పనిచేసే అమ్మాయిలు. నాలుగో నెలలో మేం అడగకుండానే ఇంకో ట్రిప్పు కలిపారు. మూడు నెలల గడువు అయినప్పుడు గేటు మూయాలా అని మీటింగు పెడితే ఇద్దరు తప్ప ఎవరూ రాలేదు, ఆ ఇద్దరూ గేటు దగ్గర ఇంకో లైటు కావాలని అడగడానికి వచ్చారు. కార్లున్నవాళ్లు ఇప్పటికీ కార్లలోనే వెళ్తున్నారు. కొందరి పిల్లలు మాత్రం బస్సులో కాలేజీకి వెళ్తున్నారు, వాళ్ల అమ్మలకు పొద్దున్నే దింపే టెన్షన్ తగ్గింది. నేను దీన్ని చిన్న ఫలితం అనుకోను.

నేర్చుకున్నవి, ఇంకా మిగిలినవి

సంతకం పెట్టినవాడు ప్రయాణికుడు కాదు. తన వీధికి బస్సు ఉంటే మంచిదని అందరూ అనుకుంటారు, ప్లాటు ధర పెరుగుతుందని కూడా. ఎక్కేవాళ్లను ముందు వెతికి, వాళ్ల టైముకి మీటింగు పెట్టాలి. ఈ ఒక్క పని మొదట్లో చేసి ఉంటే ఆ ఆరు వారాల బస్సు వృథా అయ్యేది కాదు, డిపో దగ్గర మా మాట పోయేది కాదు. పోయిన మాటను తిరిగి తెచ్చుకోవడమే రెండోసారి మాకు అన్నిటికన్నా కష్టమైంది.

దూరం మ్యాపు మీద కొలవకూడదు. ఇప్పుడు ఏ కాలనీ నుంచి పిలుపొచ్చినా, మీటింగుకి ముందు నేను అక్కడి బస్సు స్టాపు దాకా ఒకసారి పొద్దున, ఒకసారి చీకటి పడ్డాక నడుస్తాను, వీలైతే ఒక పెద్దావిడతో కలిసి. ఎక్కడ ఆమె ఆగిందో, ఎక్కడ రోడ్డు మీదకు దిగిందో రాసుకుంటాను. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే వాహనాలను కాదు, మనుషులను దృష్టిలో పెట్టుకోవాలని చెప్పింది. ఆ మాటను శివారు కాలనీలో అమలు చేయడం నాలుగడుగుల గేటుతో మొదలవుతుందని నాకు అంతకు ముందు తెలియదు.

చట్టం మన వైపు ఉన్నప్పుడు దాన్ని ఎప్పుడు బయటికి తీయాలో కూడా నిర్ణయమే. మేం తీయలేదు. ఎదుటివాళ్లు రెండో మీటింగులో కూడా తలుపు మూసేసి ఉంటే తీసేవాళ్లం. వేరే చోట, బిల్డరు గేటు పెట్టి పబ్లిక్ పార్కునే మూసేసిన కేసులో మేం మొదటి రోజే ఫిర్యాదు చేశాం, ఎందుకంటే అక్కడ అవతలి వైపు భయపడుతున్న ఇరుగుపొరుగు లేరు.

మిగిలిపోయింది హైవే. బస్తీ నుంచి హైవే అవతల ఉన్న ప్రభుత్వ పాఠశాలకి పిల్లలు ఇప్పటికీ డివైడర్ సందులోంచి దాటుతున్నారు. హెడ్మాస్టర్ గారు అడిగిన ఫుట్ ఓవర్ బ్రిడ్జి నేను ఇప్పటికీ అడగడం లేదు. మెట్లెక్కి దిగే వంతెన ఉన్న చాలా చోట్ల జనం కింద నుంచే దాటడం చూశాను కాబట్టి, మనిషి నొక్కితే ఆగే సిగ్నల్ కావాలని అడుగుతున్నాం. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి రెండు సార్లు రాశాం. ఈసారి సంతకాలు కాకుండా, స్కూలు వదిలే టైములో ఎంతమంది పిల్లలు, ఎక్కడ, ఎంతసేపు డివైడర్ మీద నిలబడుతున్నారో వారం రోజుల లెక్క జత చేశాం. లెక్క రాసింది ఆ స్కూలు తొమ్మిదో తరగతి పిల్లలే. జవాబు ఇంకా రాలేదు, వచ్చే నెల కమిటీ కూర్చున్నప్పుడు ఆ పిల్లల్లో ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్తున్నాం.